వారంటీ దాటాక కూడా కంపెనీ చేత బాగు చేయించుకోవడం: కిరణ్‌కి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ కారు గేర్‌బాక్స్ మళ్లీ మొరాయించిందనీ, వారంటీ అయిపోయి నాలుగు నెలలైంది కాబట్టి ఖర్చంతా నువ్వే పెట్టుకోవాలని సర్వీస్ సెంటర్‌లో చేతులెత్తేశారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కౌంటర్ దగ్గర గట్టిగా అరిచి వచ్చావట కదా. నీ బాధ నాకు తెలియనిది కాదు. కానీ నాన్నా, నువ్వు అన్న మాటల్లో ఒక్కటి కూడా కాగితం మీదకి ఎక్కలేదు. కంపెనీలో డబ్బు మంజూరు చేసే మనిషి నిన్ను ఎప్పుడూ చూడడు. అతని ముందుకొచ్చేది నీ ఫైలు ఒక్కటే.

ఈ గొడవ నేను పదకొండు నెలలు పడ్డాను. నా కారు గంటసేపు నడిపాక, బాగా వేడెక్కాక, స్టీరింగ్ ఉన్నట్టుండి రాయిలా బిగుసుకునేది. మొదటిసారి తీసుకెళితే బ్యాటరీ మార్చారు. రెండోసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్నారు. మూడోసారి వీల్ అలైన్‌మెంట్ చేసి పంపారు. నాలుగోసారికి వారంటీ దాటింది. అప్పుడు మాత్రం స్టీరింగ్ మోటారు మొత్తం మార్చాలనీ, అది నా ఖర్చేననీ తేల్చారు. ఆఖరికి పార్టు ఖర్చంతా, కూలిలో సగం కంపెనీయే పెట్టుకుంది. అంతదాకా రావడానికి నాకు అన్ని నెలలు ఎందుకు పట్టాయో చెబుతాను, నీకు అంత పట్టకూడదని.

ఆ మూడు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు నాకు విషయం అర్థమైంది. ఒకదాని మీద బ్యాటరీ, ఇంకోదాని మీద సాఫ్ట్‌వేర్, మూడోదాని మీద అలైన్‌మెంట్. స్టీరింగ్ బిగుసుకుంటోందన్న మాట ఎక్కడా లేదు. అంటే కంపెనీ కంప్యూటర్‌లో నా కారుకి మూడు చిన్న చిన్న పనులు పడ్డాయి, మూడూ చక్కగా పూర్తయ్యాయి, నాలుగోది వారంటీ దాటాక వచ్చిన కొత్త సమస్య. వాళ్ల రికార్డు ప్రకారం వాళ్లు చెప్పింది తప్పు కాదు. నేను చూపించాల్సిందల్లా ఇది ఒకటే జబ్బనీ, వారంటీ ఉన్నప్పుడే పుట్టిందనీ, వాళ్లు దాన్ని ఒక్కసారి కూడా నయం చేయలేదనీ. నీ పని కూడా అచ్చం అదే. మిగతా సలహాలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

కాబట్టి ముందు బిల్లులు కాదు, జాబ్ కార్డుల కాపీలు అడుగు. కారు మొదటి సర్వీసు నుంచి ఇప్పటిదాకా అన్నీ. బిల్లులో వాళ్లు చేసిన పని ఉంటుంది, జాబ్ కార్డులో నువ్వు చెప్పిన ఫిర్యాదు ఉంటుంది. మనకు కావలసింది ఆ రెండోది. అప్పట్లో వాళ్లకి పంపిన వాట్సాప్ మెసేజీలూ, సర్వీస్ బుక్ చేసుకున్నప్పుడు నువ్వు రాసిన రెండు ముక్కలూ, సర్వీసు అయ్యాక వచ్చే ఫీడ్‌బ్యాక్ మెయిల్‌కి నువ్వు ఇచ్చిన జవాబూ వెతుకు. నా విషయంలో జాబ్ కార్డులన్నీ ఎందుకూ పనికిరాలేదు, అలాంటి ఒక ఫీడ్‌బ్యాక్ జవాబే పనికొచ్చింది. వారంటీ ఇంకా ఏడు నెలలు ఉందనగా రాసింది అది.

ఇకనుంచి జాబ్ కార్డు నువ్వే చెప్పి రాయించు. సర్వీస్ అడ్వైజర్ తొందరలో 'జనరల్ చెకప్' అనో 'గేర్ ప్రాబ్లమ్' అనో రాసేస్తాడు. నువ్వు ఇలా రాయమను: 'బండి వేడెక్కాక, 20 కిలోమీటర్ల లోపు వేగంలో, ఒకటో గేరు నుంచి రెండో గేరుకి మారేటప్పుడు గట్టిగా వణుకుతోంది. ఇదే ఫిర్యాదు ఫలానా తేదీన, ఇన్ని కిలోమీటర్ల దగ్గర ఇచ్చాను, తగ్గలేదు.' ఆ చివరి వాక్యం రాసేదాకా సంతకం పెట్టకు. కారు తిరిగి ఇచ్చేటప్పుడు సమస్య కనపడలేదంటే అదే రాసిమ్మని అడుగు. చూడడానికి అది మనకి వ్యతిరేకంగా ఉన్నట్టుంటుంది. కానీ ఆ తేదీన నువ్వు ఆ ఫిర్యాదుతోనే వచ్చావనడానికి అంతకంటే మంచి కాగితం లేదు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. కారు కంప్యూటర్ గుర్తించిన లోపాలని చదివే స్కానర్ పెట్టినప్పుడు లోపం కోడ్ ఒక్కటే కాదు, చాలా కోడ్‌లకి అది పడిన క్షణంలో బండి వేగం ఎంత, ఇంజన్ వేడి ఎంత, ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్నవి కూడా కంప్యూటర్‌లో నమోదై ఉంటాయి. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. మెకానిక్ కోడ్‌లు చెరిపేశాడంటే అదీ పోతుంది. చెరపక ముందే ప్రింటు ఇమ్మని జాబ్ కార్డులోనే రాయించు. కారుకి తగిలించి ఫోన్‌లో చూసుకునే చిన్న స్కానర్ కొనుక్కున్నా మంచిదే. గేర్‌బాక్స్ కోడ్‌లు చదవగలదో లేదో మాత్రం చూసి కొను, చౌకవి చాలావరకు ఇంజన్ కోడ్‌లే చదువుతాయి. వణుకు వచ్చినప్పుడు పక్క సీట్లో ఉన్నవాళ్లని వీడియో తీయమను, ఓడోమీటర్ అంకెలు కనిపించేలా. నడుపుతూ నువ్వు తీయకు.

డబ్బు కట్టి పార్టు మార్పించే పరిస్థితే వస్తే పాత పార్టు నీకే ఇమ్మని పని మొదలు కాకముందే రాసివ్వు. కొన్ని పార్టులు వాళ్లు వెనక్కి తీసుకునే పద్ధతి మీద ఉంటాయి, అలాంటప్పుడు కనీసం అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకో, మీదున్న నంబరు చదవగలిగేలా. ఆ నంబరు ఎందుకంటే, కంపెనీ ఒక పార్టు డిజైన్ మార్చినప్పుడు సాధారణంగా నంబరు చివర అక్షరం గానీ అంకె గానీ మారుతుంది. నా స్టీరింగ్ మోటారుకి నా కారు తయారైన తర్వాత అలా రెండుసార్లు మారింది. బాగానే పనిచేసే పార్టుని రెండుసార్లు ఎందుకు మార్చారని నేను అడిగిన ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు రాలేదు. నంబరు మారకపోతే పార్టు మారలేదనీ అనుకోకు. జనరల్ మోటార్స్ తన ఇగ్నిషన్ స్విచ్‌ని 2006లో మార్చింది, నంబరు మాత్రం పాతదే ఉంచింది. నడుస్తున్న బండి ఇంజన్ ఆపేసి, ఎయిర్‌బ్యాగ్‌లు కూడా పనిచేయకుండా చేసిన లోపం అది. మరణించిన ఒక అమ్మాయి తల్లిదండ్రుల తరఫున ఒక ఇంజనీరు పాత స్విచ్‌నీ కొత్త స్విచ్‌నీ విప్పి పక్కపక్కన పెట్టి కొలిచాకే తేడా బయటపడింది. 2014లో రికాల్ వచ్చింది, అంటే కంపెనీయే ఆ బండ్లని వెనక్కి పిలిచి ఉచితంగా బాగు చేయడం. పరిహార నిధి లెక్కల్లో 124 మరణాలు తేలాయి. పాత పార్టు పారేయనివ్వద్దని నేను ఇంతగా చెప్పేది అందుకే.

కంపెనీకి రాసే ముందు రెండు విషయాలు చూసుకో. మొదటిది రికాల్. నీ ఛాసిస్ నంబర్ 17 అక్షరాలు, అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, కాబట్టి సున్నాలా కనిపించేది సున్నాయే. ఆ నంబరుతో కంపెనీ సైటులోనూ, ప్రభుత్వ రికాల్ జాబితా ఉంటే అందులోనూ వెతుకు. రికాల్‌కీ వారంటీకీ సంబంధం లేదు. అమెరికాలో అయితే కారు మొదట అమ్మిన నాటి నుంచి 15 ఏళ్ల దాకా రికాల్ పని ఉచితంగా చేసి తీరాలి. రెండోది, నువ్వు ఇదివరకు డబ్బు కట్టి వేయించుకున్న పార్టు ఏదైనా మళ్లీ పోయిందా చూడు. అలాంటి పార్టుకి దాని సొంత వారంటీ వేరే ఉంటుంది, బిల్లు వెనక చిన్న అక్షరాల్లో. కారు వారంటీ అయిపోయిందన్న మాట దానికి వర్తించదు. ఇది ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

వారంటీ గీత దాటితే ఇక ఏమీ ఉండదని ఎవరైనా అంటే నమ్మకు. గీసింది కంపెనీయే, జరిపిందీ చాలాసార్లు కంపెనీయే. టయోటా 1997 నుంచి 2002 దాకా చేసిన కొన్ని ఇంజన్లలో ఆయిల్ గడ్డకట్టి పాడైతే, మొదట యజమానులు సరిగా ఆయిల్ మార్పించలేదనే అన్నారు. 2002లో అదే కంపెనీ అమెరికాలో సుమారు 33 లక్షల బండ్లకి, కొన్న నాటి నుంచి 8 ఏళ్ల దాకా, ఎన్ని మైళ్లు తిరిగినా సరే, ఆ మరమ్మతు ఖర్చు భరిస్తానంది. నిస్సాన్ కూడా సీవీటీ అనే ఒక రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల వారంటీని అక్కడ 5 ఏళ్లు, 60 వేల మైళ్ల నుంచి 10 ఏళ్లు, లక్షా 20 వేల మైళ్లకి పెంచింది. ఫిర్యాదులు నమోదై పేరుకుంటేనే ఇలాంటివి జరుగుతాయి. అందరికీ ప్రకటించకుండా ఒక్కొక్కరికి చేసే సాయాన్ని గుడ్‌విల్ అంటారు. సర్వీస్ సెంటర్‌లో ఆ మాటే వాడు, వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. కారు వయసు, తిరిగిన దూరం, సర్వీసులు వేళకి చేయించావా లేదా అన్నవి ప్రధానంగా చూస్తారు. బయట గ్యారేజీలో సర్వీసు చేయించి ఉంటే ఆ బిల్లులూ, ఏ గ్రేడు ఆయిల్ పోశారో కనిపించే కాగితాలూ జత చెయ్యి.

సర్వీస్ సెంటర్ వాళ్లని శత్రువుల్లా చూడకు. డీలర్ వేరే వ్యాపారి, కంపెనీ కాదు. నీ తరఫున కంపెనీకి గుడ్‌విల్ దరఖాస్తు పెట్టేది మామూలుగా అక్కడి సర్వీస్ మేనేజరే. అతను నాలుగు మంచి మాటలు రాస్తే పని సగం అయినట్టే. నాకు దారి చూపించింది అలాంటి మేనేజరే. కంపెనీ ఏరియా మేనేజర్ వచ్చే రోజున కారు తెచ్చి పెట్టమని, ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని గంట నడపమని చెప్పాడు. స్టీరింగ్ బిగుసుకున్నప్పుడు ఆయన ముఖం చూశాక నాకు ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది.

దాంతోపాటే కంపెనీ కస్టమర్ కేర్‌కి నువ్వు కూడా రాయి. ఒక్క పేజీ చాలు. మొదటి వాక్యంలోనే ఛాసిస్ నంబరు, కొన్న తేదీ, ఇప్పటి కిలోమీటర్లు. తర్వాత తేదీల వారీగా ఏం జరిగిందో, ఒక్కో వరుసలో ఒక్కో ఘటన. మోసం, దోపిడీ, సిగ్గులేదా లాంటి మాటలు వద్దు. నేను మొదట నాలుగు పేజీలు కోపంగా రాశాను, 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని ఒక్క ముక్క వచ్చింది. రెండోసారి మూడే ప్రశ్నలు అడిగాను. ఈ లోపానికి అసలు కారణం ఏమిటి? నా కారు తయారైన తర్వాత ఈ పార్టు డిజైన్ మారిందా? ఇప్పుడు చేస్తామంటున్న పని ఇదివరకు చేసిన పనులకంటే ఎలా వేరు? అచ్చేసి పెట్టుకున్న జవాబులు ఈ ప్రశ్నలకి సరిపోవు, కాబట్టి ఫైలు టెక్నికల్ వాళ్ల దగ్గరికి వెళ్లింది. ఆఖర్న నీకేం కావాలో స్పష్టంగా రాయి, 14 రోజుల గడువు పెట్టు, కేసు నంబరు అడుగు. ఎవరైనా ఫోన్ చేసి మాట్లాడితే, పెట్టేసిన వెంటనే ఏం మాట్లాడుకున్నారో రెండు వాక్యాల్లో మెయిల్ చెయ్యి.

మొదట సగం ఇస్తామంటారు. వద్దనకు, వెంటనే ఒప్పుకోకు కూడా. వారంటీలోనే ఫిర్యాదు చేసిన ఆధారం నీ దగ్గర దొరికితే పూర్తి పార్టు ఖర్చు అడగడం న్యాయమే. అంతకంటే ముఖ్యం, చేసిన మరమ్మతుకి రాతపూర్వకమైన వారంటీ. వణుకు ఆరు నెలలకి మళ్లీ వస్తే నువ్వు మళ్లీ మొదటి మెట్టు మీద ఉండకూడదు. డబ్బు తీసుకునేటప్పుడు ఇక ఏ దావా వేయనని రాసున్న కాగితం ఇస్తారేమో, చదవకుండా సంతకం పెట్టకు.

వాళ్లు కదలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ఇండియాలో 2019 చట్టం ప్రకారం కారణం పుట్టిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వెళ్లాలి, ఇంగ్లండ్‌లో ఒప్పందం మీద దావాకి 6 ఏళ్లు. మెయిళ్లతోనే ఆ గడువు గడిచిపోనివ్వకు. తయారీ లోపం అనాలంటే నిపుణుడి నివేదిక లేకుండా కేసు నిలబడటం కష్టం. పాత పార్టూ, ఫ్రీజ్ ఫ్రేమ్ ప్రింటూ అక్కడ కూడా కావాలి. బండి నడిరోడ్డు మీద శక్తి కోల్పోవడం లాంటిది జరిగితే మాత్రం అది డబ్బు విషయం కాదు, భద్రత విషయం. వెంటనే రవాణా శాఖకి కూడా రాయి, ఆ బండి నడపడం ఆపు.

ఒకటి మాత్రం నిజాయితీగా చూసుకో. నీ సర్వీసు ఏదైనా ఏడాది పైగా తప్పిందా? తప్పి ఉంటే దాచకు, నీ ఉత్తరంలో నువ్వే చెప్పు. వాళ్లు వెతికి పట్టుకుంటే మిగతా నిజాలు కూడా బలహీనపడతాయి. బ్రేక్ ప్యాడ్‌ల లాంటి అరిగిపోయే వాటిని ఈ లెక్కలో కలపకు.

గురువారం కారు మళ్లీ చూపించడానికి వెళుతున్నావని మీ అమ్మ అంది. కోడ్‌లు చెరపక ముందే ప్రింటు తీసుకో, మరమ్మతుకి ఒప్పుకుంటూ ఏ కాగితం మీదా ఆ రోజు సంతకం చేయకు. జాబ్ కార్డులన్నీ ఫోటోలు తీసి రాత్రికి నాకు పంపు. కంపెనీకి రాసే ఉత్తరం ఆదివారం ఇద్దరం కూర్చుని రాద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ