గాలంతా దూలాలకే పోతోంది!

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. తాతగారి కాలం నాటి ఇల్లు, టేకు దూలాలు, పైన మద్రాసు టెర్రస్ (దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన కప్పు). నేల నుంచి దూలం అడుగు వరకే 13 అడుగులుంది. ఫ్యాన్‌తో పాటు వచ్చిన అడుగు రాడ్డుతోనే బిగించి వెళ్లిపోయారు. 5లో పెట్టినా మంచం మీద పడుకుంటే గాలి తగలదు, చప్పుడు మాత్రం బాగానే వినిపిస్తుంది. మా అబ్బాయి ఇంకా పెద్ద ఫ్యాన్ కొందామంటాడు, మా వారు ఫాల్స్ సీలింగ్ వేయించేద్దామంటారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ఎవరి మాటా వినకండమ్మా, ముందు ఒక నాలుగడుగుల రాడ్డు కొనండి. మీ ఫ్యాన్‌కి ఏ రోగమూ లేదు, అది మీకు దూరంగా ఉందంతే. రెక్కలు కిందికి తోసిన గాలి దిగే కొద్దీ పక్కలకి విచ్చుకుంటూ, చుట్టూ ఉన్న గాలిని కలుపుకుంటూ నెమ్మదిస్తుంది. ఇప్పుడు మీ రెక్కలు పదకొండున్నర అడుగుల ఎత్తులో ఉండుంటాయి, మంచానికీ వాటికీ మధ్య దాదాపు 10 అడుగుల దూరం. ఫ్యాన్ గదిని చల్లబరచదని చాలామందికి తెలియదు. ఒంటి మీది చెమటని ఆరబెడుతుంది, ఆ ఆరడమే మనకి చల్లదనం. గాలి ఒంటికి తగలనప్పుడు అది ఎంత జోరుగా తిరిగినా కరెంటు బిల్లుకే తప్ప మీకు పనికిరాదు.

లెక్క తేలికే. రెక్కలు నేలకి ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగుల ఎత్తులో ఉంటే హాయిగా ఉంటుంది, 8 కంటే కిందికి మాత్రం దించకూడదు. దూలం అడుగు నుంచి కొలవండి (కప్పు నుంచి కొలిచి రాడ్డు తెచ్చుకుని మళ్లీ షాపుకి పరిగెత్తినవాళ్లని చూశాను). 13లోంచి ఎనిమిదిన్నర తీస్తే నాలుగున్నర. అందులో పైన కొక్కెం, కింద మోటారు కలిసి ఓ అరడుగు తీసుకుంటాయి, మిగిలింది 4. రెండు, మూడు, నాలుగు, ఆరు అడుగుల రాడ్లు ఎలక్ట్రికల్ షాపుల్లో మామూలుగానే దొరుకుతాయి. మీ ఫ్యాన్ కంపెనీదే అయితే బోల్టు రంధ్రాలు సరిగ్గా కూర్చుంటాయి. ఇది బిగించాక మంచానికీ రెక్కలకీ మధ్య దూరం 7 అడుగులకి వస్తుంది. కాకపోతే ఒక్క జాగ్రత్త, మంచమెక్కి దోమతెర కట్టేటప్పుడు ఫ్యాన్ ఆపి తీరాలి, మంచం మీద నిలబడి చెయ్యెత్తితే అందేస్తుంది. పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని తిప్పే తాతయ్యలకి కూడా ఈ మాట చెప్పండి.

పాత కోర్టు హాళ్లలో, రైల్వే స్టేషన్లలో పొడుగాటి రాడ్లకి వేలాడుతున్న ఫ్యాన్లని చూసే ఉంటారు. అప్పట్లో వాళ్లేమీ అందం కోసం అలా కట్టలేదు.

పొడుగు రాడ్డు అనగానే ఊడి మీద పడుతుందేమోనని టెన్షన్ పడతారు. రాడ్డు పొడుగు వల్ల ప్రమాదం లేదండి, ప్రమాదమంతా దాని రెండు చివర్లలోనే ఉంటుంది. పైన బోల్టు, నట్టు, ఆ నట్టు ఊడకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ను, కింద మోటారు దగ్గర మళ్లీ అలాంటివే. ఆ పిన్నులు రెండూ పెట్టారా, కాళ్లు విడదీసి వంచారా అని మీ కళ్లతో మీరే చూడండి. ఎలక్ట్రీషియన్ నిచ్చెన దిగాక అడిగితే "పెట్టానండీ" అనే అంటాడు. ఇక ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకూడనిది, రెండు పొట్టి రాడ్లని వెల్డింగ్ చేసి అతకడం. మా మేనత్తగారింట్లో అలాగే చేశారు. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు, రెండు రోజులుగా ఫ్యాన్ కిర్రు కిర్రుమంటుంటే నూనె వేయాలనుకున్నామే తప్ప ఎవరమూ తలెత్తి చూడలేదు. మూడోనాడు మా బావ మాత్రం "అదేంట్రా, ఓ పక్కకి వాలింది" అని స్విచ్చి ఆపాడు. దించి చూస్తే అతుకు సగం పైగా విడిపోయి ఉంది. ఆ ఫ్యాన్ కిందే ఆరుగురు పిల్లలు వరసగా పడుకున్నారు. రాడ్డంటే ఒకటే ముక్క, అంతే. లోపలి వైరు కూడా ఒకటే ముక్క ఉండాలి, రాడ్డులో అతుకు వేసి టేపు చుట్టడం వద్దు, ఎర్తు వైరు వదిలేయడం అసలే వద్దు.

మీది పాత దూలం కాబట్టి కొక్కెం సంగతి కూడా చూడండి. గట్టి గోటితోనో స్క్రూడ్రైవర్‌తోనో గుచ్చితే పొడి రాలిందంటే చెదో పురుగో పట్టినట్టే. స్క్రూలా తిప్పి దిగేసే కొక్కెం కంటే దూలాన్ని చుట్టి పట్టే ఇనుప క్లాంపు, లేదా ఈ పక్కనుంచి ఆ పక్కకి వెళ్లే బోల్టు నయం. ఫ్యాన్, రాడ్డు కలిపి ఆరేడు కిలోలే కానీ, రోజూ గంటల తరబడి కదిలే బరువది. పొడుగు రాడ్డుతో ఫ్యాన్ కొంచెం ఊగుతుంది, కంగారు పడకండి. కొక్కెం దగ్గర రబ్బరు బుష్ పెట్టేదే ఆ కాస్త కదలిక కోసం. ఊగుతోందని చెక్కముక్కలు దిగేసి బిగించారంటే ఆ ఒత్తిడంతా రాడ్డు మెడ మీద పడుతుంది. మరీ గిలగిల్లాడుతుంటే మాత్రం రెక్కల్లో తేడా ఉన్నట్టు. ఫ్యాన్ ఆపి, ఒక కర్ర నిలబెట్టి ఒక్కో రెక్క కొసా నేలకి ఎంత ఎత్తులో ఉందో చూడండి, వంగిన రెక్క దొరికిపోతుంది.

అబ్బాయి మాటకి వస్తే, 1200 బదులు 1400 మిల్లీమీటర్ల (రెక్కలు తిరిగే వృత్తం వెడల్పు అది) ఫ్యాన్ పెద్ద హాలులో ఎక్కువ మేర గాలి పంచుతుంది, నిజమే, కానీ పైనే ఉంచితే దానిదీ ఇదే కథ. కొత్తది కొనేట్టయితే బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు ఫ్యాన్) కొనండి, మామూలువి 75 వాట్లు తాగే చోట అది 30 దగ్గర సరిపెడుతుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, దాన్ని చూసి తీసుకోండి. పాత రెగ్యులేటర్‌ని మాత్రం తప్పించి బిగించమనండి, బీఎల్‌డీసీకి వేగం రిమోటే చూసుకుంటుంది.

మీ వారికి మాత్రం గట్టిగానే చెప్పాలి. అంత ఎత్తు ఊరికే పెట్టలేదు పెద్దలు. వేడి గాలి పైకి చేరి, కప్పు కింది వెంటిలేటర్లలోంచి బయటికి పోవాలని కట్టారు. పిచ్చుకలో పావురాలో వస్తున్నాయని మనమే వాటికి అట్టముక్కలు కొట్టేసి, "ఇల్లు ఉక్కపోస్తోంది" అంటాం. ఇప్పుడు మీ ఫ్యాన్ ఉన్నచోట ఉండి ఆ పైన పేరుకున్న వేడినే కలియబెడుతోంది. అట్టలు పీకేసి వలకట్టండి, ఖర్చు కూడా తక్కువే. ఒకవేళ ఆయన పట్టు విడవక ఫాల్స్ సీలింగ్ వేయించినా, ఫ్యాన్ దూలానికే వేలాడాలి, ఆ పల్చటి ఫ్రేముకి కాదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో డూప్లెక్స్ కొన్నాం. హాలు పై అంతస్తు దాకా తెరిచే ఉంటుంది, 20 అడుగులు. శ్లాబులో బిల్డర్ కొక్కెం వదిలాడు. దానికి ఫ్యాన్ పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు, కానీ 11 అడుగుల రాడ్డు కావాలి, దుమ్ము తుడవాలన్నా కండెన్సర్ మార్చాలన్నా పరంజా కట్టాలి. ఆ కొక్కేనికి ఓ దీపం వేలాడదీయండి. సోఫాకి రెండు వైపులా గోడ ఫ్యాన్లు, ఏడెనిమిది అడుగుల ఎత్తులో, తలలు కాస్త కిందికి వంచి పెట్టండి. గొప్పగా కనిపించవు, గాలి మాత్రం మీకే వస్తుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా లివింగ్ రూమ్ కప్పు ఏటవాలుగా చాలా ఎత్తుంది. చలికాలంలో హీటర్ వేస్తే మెట్ల పైన వేడి, కింద చలి. ఫ్యాన్ వేస్తే ఇంకా చలేస్తుందని ఆపేశాం.

జవాబు: మీ ఫ్యాన్ మోటారు పక్కన చిన్న మీట ఉందేమో చూడండి, కొన్నింటికి రిమోట్‌లో ఉంటుంది. ఫ్యాన్ పూర్తిగా ఆగాక దాన్ని రెండోవైపుకి నెట్టి, అన్నిటికంటే తక్కువ వేగంలో వేయండి. రెక్కలు వెనక్కి తిరిగి గాలిని పైకి తోస్తాయి, పైన చేరిన వెచ్చదనం గోడల వెంట నెమ్మదిగా కిందికి దిగుతుంది, ఒంటికి గాలి తగలదు. ఎండలు మొదలవగానే మీటని మళ్లీ వెనక్కి నెట్టండి. మా తమ్ముడు మర్చిపోయి, జూన్‌లో ఫ్యాన్ పాడైందని కొత్తది తెచ్చుకున్నాడు.