ప్రమాదమా, అపాయమా, ముప్పా?

సందేహం: రోమన్ సామ్రాజ్యంలోని తొలినాటి క్రైస్తవుల గురించి వ్యాసం రాస్తూ 'బహుదేవతారాధనను వారు ప్రమాదంగా చూశారు' అన్నాను. మిత్రుడొకరు 'ప్రమాదం అంటే ఏమరుపాటు, అక్కడ అపాయం అనాలి' అని దిద్దారు. ఎవరి మాట ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిన అర్థం నిజమే, కానీ దాన్నిబట్టి మీది తప్పని తేలదు. సంస్కృతంలో 'ప్రమాదో ధీమతామపి' అంటే ఎంత తెలివైనవారికైనా పొరపాటు తప్పదని. చదువు ముగించిన శిష్యుడికి తైత్తిరీయోపనిషత్తులో గురువు చెప్పే 'సత్యాన్న ప్రమదితవ్యం' కూడా సత్యం విషయంలో ఏమరవద్దనే. తెలుగులో ఏమరుపాటు వల్ల జరిగిన కీడూ ప్రమాదమే, జరగబోయే కీడూ ప్రమాదమే. రైలు ప్రమాదం మొదటిది, ప్రమాద ఘంటికలు రెండోది. పాత అర్థం 'ప్రమాదవశాత్తు'లో కొనఊపిరితో ఉంది. నాకు నచ్చనిదల్లా 'ప్రమాదంగా చూశారు' అన్న కూర్పు. 'అందులో ప్రమాదం ఉందని తలచారు' అంటే సాఫీగా ఉంటుంది.

తమాషా ఏమిటంటే, మీ విషయానికి ఈ మాట పాత అర్థంలోనే బాగా అతుకుతుంది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కు చెందిన తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టులియన్ విగ్రహారాధన మీద ఒక గ్రంథం రాశాడు. గుడికి వెళ్లి బలి ఇచ్చేవాడితోనే ఆయన ఆగలేదు. అలవాటు కొద్దీ రోమన్లు కొలిచే హెర్క్యులిస్ మీద ఒట్టు వేసేవాడినీ, ఎవరో దేవతల పేరు చెప్పి దీవిస్తే నోరు మెదపకుండా ఊరుకునేవాడినీ నిలదీశాడు. దేవతల మీద ప్రమాణం ఉన్న అప్పుపత్రం రాసి 'నేను నోటితో అనలేదుగా' అని తప్పుకోజూసేవాడినీ విడిచిపెట్టలేదు. చివరికి సాంబ్రాణి అమ్మే వర్తకుడికీ తప్పలేదు. గ్రంథం చివర విశ్వాసాన్ని ఓడతో పోల్చాడు: రాళ్ల మధ్య, లోతు చాలని నీళ్ల మధ్య సాగే ఆ ఓడ జాగ్రత్తగా ఉంటేనే క్షేమం. ఇక్కడ కీడు రాయిలో ఎంత ఉందో నావికుడి ఏమరుపాటులోనూ అంతే ఉంది. దీనికి 'అపాయం' కన్నా 'ప్రమాదం' మేలు.

రోమన్ల వైపు భయం వేరు. క్రైస్తవులు పూజలు మానేస్తే దేవతలు అలిగి రాజ్యాన్నే దండిస్తారని వారి బెంగ. టైబర్ నది పొంగినా, నైలు పొంగకపోయినా జనం 'క్రైస్తవులను సింహానికి వేయండి' అని అరుస్తారని మరో గ్రంథంలో టెర్టులియనే ఎద్దేవా చేశాడు. ఊరంతటికీ వచ్చిపడేదాన్ని 'ముప్పు' అనండి. క్రైస్తవ ప్రచారకుడు పౌలు ప్రయాణాల్లో నదుల వల్ల, దొంగల వల్ల పడ్డ పాట్లకు తెలుగు బైబిలు 'ఆపదలు' అంది. అదీ సరిగ్గా కుదిరింది.

పనిలో పనిగా ఇంకో మాట. అన్యులు అర్పించే బలులు దయ్యాలకే చెందుతాయని పౌలు కొరింథీయులకు రాశాడు. అక్కడి గ్రీకు మాటకు మూలమైన 'దైమోన్' ఒకప్పుడు దేవతలకూ చెల్లేది. క్రైస్తవుల వాడుకలో అది దుష్టశక్తికి దిగజారింది. మన 'దయ్యం' కూడా 'దైవం' తద్భవమే, పాత తెలుగులో దేవుడనీ విధి అనీ దాని అర్థాలు. ఏ మత వాదమూ లేకుండానే అది చెట్టెక్కి కూర్చుంది.