లోపలి చెవి దెబ్బతిన్నాక మళ్ళీ నిలదొక్కుకోవడం

లోపలి చెవి నరం దెబ్బతిన్నదని వైద్యులు చెప్పారనీ, మూడు నెలలైనా తూలు తగ్గలేదనీ, ఇక ఎప్పటికీ ఇలా మంచం పట్టి ఉండాల్సిందేనా అనీ మీరు అడిగారు. ఆరేళ్ళ క్రితం అక్షరాలా ఇదే ప్రశ్న నేనూ అడిగాను. ఎప్పటికీ ఇలాగే ఉండనక్కరలేదు. కానీ తల కదపకుండా పడుకునే ఉంటే మాత్రం చాలాకాలం ఇలాగే ఉంటుందని నా గట్టి నమ్మకం.

నాకు వచ్చింది వెస్టిబ్యులర్ న్యూరైటిస్, అంటే లోపలి చెవి నుంచి మెదడుకు తూకం సంకేతాలు మోసే నరానికి వాపు, ఎడమ చెవికి. ఒక తెల్లవారుజామున లేచేసరికి గది గిర్రున తిరిగిపోతోంది. రెండు రోజులు వాంతులతో తల ఎత్తలేకపోయాను. ఆ తిరుగుడు ఆగిపోగానే జబ్బు నయమైపోయిందనుకున్నాను. కాలేదని మూడో వారంలో ముఖం కడుక్కుంటుండగా తెలిసింది.

రెండు చేతులతో ముఖానికి సబ్బు రాసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, తల కిందికి వంచాను. కాళ్ళ కింద మెత్తటి పట్టా ఉంది. నిటారుగానే నిలబడి ఉన్నానన్న నిశ్చయంలో నేను ఉండగానే నా ఎడమ భుజం గోడకు ఠపీమని తగిలింది. పడిపోతున్నానన్న భయం కలగడానికి కూడా వ్యవధి లేదు, ఎందుకంటే పడిపోతున్నానని నా శరీరంలో ఏ భాగమూ నాకు చెప్పలేదు. కళ్ళు తెరిస్తే నురగ మండింది, మూస్తే నేల జారిపోయింది. చివరికి చతికిలబడి రెండు అరచేతులూ నేలకు ఆనించి, ఎవరైనా వచ్చి నీళ్ళు అందించేవరకు అలాగే ఉండిపోయాను.

మనల్ని నిలబెట్టేవి మూడు: లోపలి చెవి, కళ్ళు, పాదాల నుంచి కీళ్ళ నుంచి వచ్చే స్పర్శ. నాకు ఒక చెవి ముందే మూగబోయింది, కళ్ళు నేను మూసుకున్నాను, మెత్తటి పట్టా పాదాలను మోసగించింది. ఈ లెక్క అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పట్టాను ఆ రోజే తీసేయించేవాణ్ణి.

ప్రతి చెవిలోనూ ద్రవంతో నిండిన అర్ధవర్తుల కుల్యలు, అంటే తల ఎటు తిరుగుతోందో పసిగట్టే వంపు గొట్టాలు, మూడేసి ఉంటాయి. తల నిశ్చలంగా ఉన్నప్పుడు కూడా రెండు చెవుల నుంచీ మెదడుకు సమానంగా సంకేతాలు అందుతూనే ఉంటాయి. ఎడమ నరం హఠాత్తుగా మౌనం వహిస్తే, తల కుడివైపు తిరిగిపోతోందని మెదడు పొరబడి, దానికి తగ్గట్టు కళ్ళను ఎడమకు లాగుతుంది, మళ్ళీ చటుక్కున వెనక్కి తెస్తుంది. అంటే మనం "కళ్ళు తిరుగుతున్నాయి" అనే మాట ఈ జబ్బులో నూటికి నూరు పాళ్ళూ నిజం. మొదటి రోజు నా కనుపాపలు కొట్టుకోవడం మా అక్క కళ్ళారా చూసింది.

అయితే ఆ మాటే నన్ను దెబ్బతీసింది కూడా. కళ్ళు చీకట్లు కమ్మినా, గది తిరిగినా, నడకలో తూలినా మనం ఒకే మాట అంటాము; వినేవారు తమకు తోచింది అనుకుంటారు. నా విషయంలో మొదట రక్తపోటు అన్నారు, తరువాత మెడ ఎముకలు అరిగాయన్నారు, రెండు వారాలు మెడకు పట్టీ వేయించారు. తల తిప్పుతూ కోలుకోవలసిన మనిషికి తల కదలకుండా పట్టీ వేయడం కన్నా అన్యాయం ఇంకొకటి ఉండదు. పైగా తిరుగుడు ఆపే మాత్రలు రెండు నెలలు వాడించారు. ఆ మాత్రలు మొదటి కొద్ది రోజులకు వరమే, కానీ ఆ తరువాత కూడా మింగుతూ పోతే దెబ్బతిన్న చెవి లోటుకు సర్దుకునే కొత్త లెక్కను మెదడు నేర్చుకోవడం ఆలస్యమవుతుంది.

నన్ను నిలబెట్టింది ఒక ఫిజియోథెరపిస్టు నేర్పిన సాధన. చేయి చాచి బొటనవేలిని చూస్తూ, చూపు దాని మీదే నిలిపి, తలను ఇటూ అటూ ఒక నిమిషం తిప్పాలి, రోజుకు అనేకసార్లు. తరువాత నిలబడి, ఆపైన నడుస్తూ. మొదటి వారం వికారం పెరిగింది, మానేయాలనిపించింది, మానలేదు. ఇది కొత్త విద్యేమీ కాదు. 1940లలోనే ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే వైద్యులు ఇటువంటి వ్యాయామాలు రూపొందించారు. అయినా మూడు నెలల పాటు నాకు ఒక్కరూ ఆ ఊసెత్తకపోవడం ఇప్పటికీ బాధిస్తుంది.

మీ జబ్బు నిర్ధారణ సరైనదేనా అన్నది ముందు చూసుకోండి. పక్క మీద ఒత్తిగిలినప్పుడు మాత్రమే ఒక నిమిషం లోపు తిరిగి ఆగిపోతుంటే అది చెవిలోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు స్థానం తప్పడం కావచ్చు. తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పే ఎప్లీ పద్ధతితో అది చాలామందికి ఒకటి రెండు సార్లలోనే తగ్గుతుంది. వినికిడి తగ్గడం, చెవిలో హోరు కూడా ఉంటే లోపలి చెవికే వచ్చే మరో జబ్బు, మెనియర్స్ వ్యాధి గురించి అడగాలి. మాట తడబడినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, వస్తువులు రెండుగా కనిపించినా అది చెవి కాదు, పక్షవాతం కావచ్చు. క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

నేను ఇప్పుడు మెట్లు దిగుతాను, సైకిలు తొక్కుతాను. చీకట్లో ఎగుడుదిగుడు నేల మీద మాత్రం ఇంకా తడబడతాను. ముఖం కడుక్కునేటప్పుడు ఎడమ మోచేతిని గోడకు ఆనించి ఉంచుతాను. అంత చిన్న ఆసరా చాలు, నిటారు ఏదో శరీరానికి తెలిసిపోతుంది. ఈసారి వైద్యుడిని కలిసినప్పుడు "కళ్ళు తిరుగుతున్నాయి" అని ఆపేయకుండా, ఏది తిరుగుతోందో, ఎంతసేపో, ఏ వైపు తూలుతున్నారో కాగితం మీద రాసి చూపించండి. తిరుగుడు మాత్ర వాడుతూ ఉంటే అది ఎప్పుడు ఆపాలో అక్కడే అడగండి.