మోల్ గారి బంధువర్గం

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ కెమిస్ట్రీలో మోల్ అంటే లెక్క. నా స్కిన్ డాక్టర్ చీటీలో పుట్టుమచ్చ. టీవీ వార్తల్లో గూఢచారి! వీటికేమైనా చుట్టరికం ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పుట్టుమచ్చది ఒంటరి బతుకేనమ్మా. పాత ఇంగ్లిషులో మరక అన్న మాట అది. గూఢచారి మాత్రం జంతువు పోలికతో వచ్చాడు. యూరప్ తోటల్లో నేల కింద సొరంగాలు తవ్వుతూ, పైకి మట్టికుప్పలు తప్ప తాను కనబడని బుల్లి జంతువు మోల్. శత్రువుల ఆఫీసులో ఏళ్లతరబడి నమ్మకంగా పనిచేస్తూ గుట్టు లాగేవాడికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

మీవాడి మోల్ జర్మన్ సరుకు, మాలిక్యూల్‌ (అణువు) అన్న మాటని కత్తిరించి చేసింది. 18 గ్రాముల నీళ్లు, అంటే మూడు నాలుగు టీ చెంచాలు, ఒక మోల్. అందులో అణువులు సుమారు 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని! మాలిక్యూల్‌కి మూలం లాటిన్ ‘మోలెస్’, అంటే పెద్ద రాశి. రేవులో అలల్ని ఆపడానికి రాళ్లు పోసి కట్టే గోడ కూడా ఆ మాట నుంచే మోల్ అయింది. కంటికి ఆనని అణువూ, ఓడల్ని కాచే గోడా దాయాదులన్నమాట.

మెక్సికోవాళ్ల మిరపకాయల గుజ్జుకూరకీ ఇదే స్పెల్లింగు. అక్కడ మాత్రం ‘మోలె’ అనాలి, లేకపోతే హోటల్లో నవ్వుతారు.