మందును తట్టుకునే గుణం సంబంధం లేని బ్యాక్టీరియాకి ఎలా పోతుంది?

కావలిలో ఇంటర్ బైపీసీ చదివే తమ్ముడి ప్రశ్న ఇది: "బ్యాక్టీరియా ఒకటి రెండుగా చీలి పెరుగుతుంది కదా, తల్లి గుణాలు దాని పిల్లలకే రావాలి. మరి వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా మందును తట్టుకునే శక్తి పోతుందంటారు. అదెలా?"

తమ్ముడూ, నాకు ఈ ప్రశ్న మా రొయ్యల గుంట గట్టు మీద ఎదురైంది. మైపాడు వైపు మాకు రెండు గుంటలున్నాయి. అప్పట్లో నేను నెల్లూరులో ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. ఒక పంటలో నలభయ్యో రోజున రొయ్య మేత తీయడం తగ్గింది. షాపతను చెప్పాడని మా నాయన ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొడి మేతలో కలిపి పెట్టాడు, నాకు చెప్పలేదు. ఆ వారం రొయ్య తేరుకుంది. తర్వాతి పంటలోనూ అదే పొడి వేశాడు, ఈసారి ఏమీ తేడా లేదు. అప్పుడు ఫోన్ చేశాడు.

గుంట నీళ్లు తెచ్చి టీసీబీఎస్ ప్లేటు మీద వేశాను. విబ్రియో బ్యాక్టీరియా కోసం వాడే ప్లేటు అది. మర్నాటికి గ్రీన్ కాలనీలూ, ఎల్లో కాలనీలూ రెండూ లేచాయి. ప్లేటులోని చక్కెరను పులియబెట్టగలిగేవి పసుపుగా, చేతకానివి ఆకుపచ్చగా కనిపిస్తాయి. అంటే రెండూ వేర్వేరు రకాలు. రెండింటినీ విడదీసి పెంచి, వాటి మీద మందు డిస్క్ పెట్టాను. మందు పనిచేస్తే డిస్క్ చుట్టూ ఖాళీ వలయం రావాలి. రెండు ప్లేట్లలోనూ డిస్క్ అంచుదాకా పెరిగిపోయాయి. వేర్వేరు రకాలకి ఒకే మందు ఎలా పనిచేయకుండా పోయిందా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొంత కారణం పెరుగుదలలోనే ఉంది. తిండి, వేడి కుదిరితే ఈ.కోలి సుమారు 20 నిమిషాలకొకసారి రెండింతలవుతుంది. ఒక్కదానితో మొదలైతే పది గంటలకు 107 కోట్లు. విబ్రియోల్లో కొన్నింటికి పది నిమిషాలే చాలు. తిండి అయిపోయి, అవి వదిలిన వ్యర్థాలు పేరుకుంటే పెరుగుదల ఆగుతుంది. మందు వేసినప్పుడు లొంగేవి చచ్చి, తట్టుకున్న కొద్ది వాటికి చోటంతా దొరుకుతుంది. ఇది తల్లి నుంచి పిల్లకు, నిలువుగా పోయే దారి. నువ్వడిగింది అడ్డదారి.

బ్యాక్టీరియాలో అసలు డీఎన్ఏ కాక, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టలు కూడా ఉండొచ్చు. మందును తట్టుకునే జన్యువులు చాలాసార్లు ఉండేది వీటిలోనే. రెండు బ్యాక్టీరియాలు ఆనుకున్నప్పుడు ఒకటి తన ప్లాస్మిడ్‌కి నకలు తీసి రెండోదానికి ఇస్తుంది. నోట్సు జిరాక్స్ తీసి ఇచ్చినట్టే, ఇచ్చినదాని దగ్గరా ఒకటి ఉంటుంది. పుచ్చుకునేది సొంత జాతిదే కానక్కర్లేదు. కాంజుగేషన్ అంటే ఇదే. బ్యాక్టీరియా ఇలా కలుసుకుని జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటాయని 1946లో లెడర్‌బర్గ్, టాటమ్ చూపించారు. వైరస్ మోసుకుపోయే దారి ట్రాన్స్‌డక్షన్, అది మీ పుస్తకంలో బాగానే ఉంటుంది.

నన్ను ఎక్కువ కదిలించింది ట్రాన్స్‌ఫర్మేషన్. చచ్చిన బ్యాక్టీరియా నుంచి బయటపడ్డ డీఎన్ఏ ముక్కని బతికున్నది లోపలికి లాక్కుంటుంది. చచ్చిన బ్యాక్టీరియా గుణం బతికున్నదానికి వస్తుందని 1928లో గ్రిఫిత్ ఎలుకల మీద చేసిన ప్రయోగంలో బయటపడింది, దాన్ని మోసేది డీఎన్ఏ అని తర్వాత తేలింది. కలరా క్రిమి కూడా విబ్రియోనే. కైటిన్ తగిలితే అది ఇలా డీఎన్ఏ లాక్కోవడానికి సిద్ధమవుతుందని 2005లో తేలింది. కైటిన్ అంటే ఏంటనుకున్నావు? రొయ్య పైపొట్టులో ఉండేది అదే! మోల్టింగ్ అయిన, అంటే రొయ్య పాత పొట్టు విడిచిన ప్రతిసారీ గుంట అడుగున పడేది ఆ పొట్టే. అది చదివాక గుంటను చూసే నా చూపే మారిపోయింది.

పోయేది మందును తట్టుకునే గుణం ఒక్కటే కాదు. రొయ్యపిల్లల్ని తొలి నెలలోనే చంపే ఈఎంఎస్ జబ్బుకి విబ్రియో పారాహీమోలిటికస్ కారణమని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో లైట్నర్ బృందం చెప్పింది. ఆ జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే జన్యువులు ఉన్నది కూడా ప్లాస్మిడ్ మీదేనని తర్వాత తెలిసింది. ఆ ప్లాస్మిడ్ లేకపోతే అదే బ్యాక్టీరియా ఆ జబ్బు తేలేదు.

ఇదంతా నాయనకి గట్టు మీదే కూర్చుని చెప్పాను. ఆయన అడిగింది ఒకటే: "మన గుంట నీళ్లు వదిలేది కాలువలోకే కదా, కింద గుంటవాళ్లు తోడుకునేది ఆ నీళ్లే కదరా?" అవునన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మిగిలిన పొడి డబ్బా మళ్లీ తెరవలేదు. ఇప్పుడు రొయ్య మేత తీయకపోతే ముందు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే చూసి, తెల్లవారుజామున ఆక్సిజన్ కొలిచి, నీళ్లు ల్యాబ్‌కి పంపుతాడు.