పద్నాలుగో పేజీలో చివరి వాక్యం

పాలకొల్లు

బాబూ, ఆశీస్సులు.

నీ కథ సోమవారం అందింది. రాత్రి ఒకసారి చదివాను, తెల్లారి కాఫీ తాగుతూ మళ్ళీ చదివాను. రెండోసారి కోపం వచ్చింది. పద్నాలుగో పేజీలో చివరి వాక్యం కింద గట్టిగా గీత గీస్తే కాగితం చిరిగింది. "ఆ రోజు నుంచి వాడు కొత్త మనిషయ్యాడు." కథని ఇలా ముగించాలని ఎవరు చెప్పారు నీకు?

నువ్వు అడిగినవి చాలానే ఉన్నాయి. ఏ పత్రికకి పంపాలి, గేముల మీద రాస్తే కథ అంటారా, ఇంగ్లిష్ మాటలు ఎన్ని పడొచ్చు. ముందు ఈ వాక్యం సంగతి తేల్చుకుందాం.

నీ కుర్రాళ్ళిద్దరూ రాజోలు బస్టాండ్ వెనక టీకొట్టు దగ్గర కూర్చుని ఏడు పేజీలు వాదించుకుంటారు, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేములో సిల్వానస్ అనే పాత్ర గురించి. నాకు ఆ పేరు కొత్త. సెలవులకొచ్చిన మా పెద్దమ్మాయి కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని రెండు పూటలు చెప్పించుకున్నాను. తన నగరాన్ని కాపాడబోయి చచ్చిపోయిన సేనాని ఆవిడ. చంపినవాడే ఆమెను దయ్యంగా లేపి తన పనికి వాడుకున్నాడు. వాడి పట్టు విడిపించుకుని, తనలాగే చచ్చి లేచినవాళ్ళకి రాణి అయింది. అదే మనిషి 2018లో టెల్డ్రాసిల్ అనే ఊరంత చెట్టుకి, అందులో జనం ఉండగానే నిప్పు పెట్టించింది. మీ గొడవంతా అక్కడే. ఒకడు క్యారెక్టర్‌ని చంపేశారంటాడు, రెండోవాడు అదే డెవలప్‌మెంట్ అంటాడు.

నేను రెండోవాడి వైపే ఉండేదాన్ని. ఊరు పోగొట్టుకున్న మనిషి ఇంకొకరి ఊరు తగలబెట్టిందంటే నమ్ముతాను. కానీ మావాడు తర్వాతి సంగతి చెప్పాడు. ఆమె చచ్చిపోయినప్పుడే ఆత్మ రెండు ముక్కలైందట. ఒక ముక్క ఇన్నేళ్ళూ వేరే చోట ఉండిపోయిందట. 2021లో అది తిరిగి ఆమెలో చేరిందట, ఆ తర్వాతే పశ్చాత్తాపం మొదలైందట. నాకు ఒళ్ళు మండింది. మరి ఆ చెట్టు తగలబెట్టింది ఎవరు? ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలి? మనిషి మారడం ఆ మనిషి చేతుల్లోంచి రావాలి. పైనుంచి ముక్క తెచ్చి అతికిస్తే దాన్ని రిపేరు అంటారు. నీ చివరి వాక్యం కూడా అలాంటి ముక్కే. దాన్ని తిట్టిన కుర్రాడి నోటితో ఏడు పేజీలు రాసి, చివరికి నువ్వూ అదే పని చేశావు.

ఆన్‌లైన్ గేముల్లో వాళ్ళకి ఒక కష్టం ఉందని ఒప్పుకుంటాను. మావాడు ఆడుతుంటే చూశాను. నెత్తిమీద పసుపు రంగు ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టుకుని ఒక రైతు నిలబడి ఉన్నాడు. అడవిపందులు పంట పాడుచేస్తున్నాయి, కాపాడమన్నాడు. మావాడు కాపాడాడు. రైతు దండం పెట్టాడు. పక్కనే ఇంకెవరో వచ్చారు, రైతు మళ్ళీ కాపాడమన్నాడు. చచ్చిన పందులు కాసేపట్లో లేచి అక్కడే తిరుగుతున్నాయి. నిన్న వచ్చినవాడికీ రేపు వచ్చేవాడికీ ఊరు ఒకేలా ఉండాలి కదా, అందుకని అక్కడ ఏదీ పోదు. లక్షలమందిని ఒక్కొక్కరినీ విడివిడిగా లోకాన్ని కాపాడిన వీరుడంటారు. అలాంటి వీరుడు ఎక్కడ మారతాడు? మారే బరువంతా పక్క పాత్రల మీద పడుతుంది. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఇంకో ఆన్‌లైన్ గేములో 2024లో కొత్తగా వచ్చిన వుక్ లమాట్ అనే అమ్మాయి మీద ఆడేవాళ్ళు విరుచుకుపడ్డారని రాశావు. రాజ్యం ఏలడం ఆ పిల్ల నేర్చుకుంటుంటే మా హీరో పక్కన నిలబడి చూడాలా అని వాళ్ళ కోపం. నిలబడాలనే అంటాను. నేర్చుకోవడానికి ఏదన్నా మిగిలింది ఆ పిల్లకే.

అదే ఆట గురించి తొమ్మిదో పేజీలో నాలుగు లైన్లు రాసి దాటిపోయావు. అక్కడ ఆగాల్సింది. 2010లో మొదలుపెట్టినది జనానికి నచ్చక దెబ్బతింటే, 2012 నవంబరులో ఆ లోకం మీద దాని రెండో చందమామని కూల్చి సర్వర్లు ఆపేశారు. 2013 ఆగస్టులో కొత్త లోకంతో మళ్ళీ తెరిచారు. ఆ ఆఖరి రాత్రి పొలాల్లో నిలబడి ఆకాశం చూసినవాళ్ళు ఆ పాత నేల మీద మళ్ళీ నడవలేదు. నేను చెప్పేది అదే. తిరిగి రానిది ఒకటి ఉండాలి. అది పోకముందు చేసిన పనినే, పోయాక మళ్ళీ చేయించాలి. రెండోసారి చేసేటప్పుడు తేడా దానంతటదే కనిపిస్తుంది. మారాడని నువ్వు చెప్పక్కర్లేదు.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా నాన్నకి వశిష్ఠ లంకలో ఎకరం ముప్పై సెంట్లు ఉండేది. బొంత అరటి, కంద వేసేవాడు. గట్టుకి దూరంగా ఒక కొబ్బరిచెట్టు. రోజూ పొద్దున్నే ఆ చెట్టు దగ్గర నుంచి ఏటి ఒడ్డు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళేవాడు, గోదారి ఎంత కోసిందో చూడ్డానికి. పెద్ద పెద్ద అంగలు. అరవై రెండు. ఇంటికొచ్చి అమ్మకి ఆ లెక్క చెప్పి చద్దన్నానికి కూర్చునేవాడు.

1986 ఆగస్టు వరద నీకు మీ తాతయ్య చెప్పే ఉంటాడు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మేము బడి మేడ మీద ఆరు రోజులున్నాం. నీళ్ళు తీశాక నాన్న లంకకి వెళ్తుంటే నేనూ వెనకాలే వెళ్ళాను. అరటితోట లేదు. కొబ్బరిచెట్టు ఉంది, దానికి కాస్త దూరంలోనే ఒడ్డు. నాన్న చెట్టుకి వీపు ఆనించి నిలబడి లెక్క మొదలుపెట్టాడు. కాసేపటికి నేను గమనించాను, పాదానికి పాదం ఆనించి నడుస్తున్నాడు. మడమ ముందు వేలు, వేలు ముందు మడమ. లెక్క కొంచెం ఎక్కువ రావాలని. ఒండ్రులో ఆ పాదాల గుర్తులు గొలుసులా పడ్డాయి.

అది అలాగే రాసి ఒక వారపత్రిక పోటీకి పంపాను. రెండోసారి నడక మొత్తం కొట్టేశారు, చెప్పిందే చెప్పానట. దాని బదులు మా నాన్న గుండెలు బాదుకుని గోదారి తల్లిని నిలదీసినట్టు ఒక పేరా వాళ్ళే రాసి, ఆనాటితో ఆయన కొత్త మనిషి అయ్యాడని ముగించారు. కింద నా పేరు. నాన్న అరుగు మీద కూర్చుని చదివి, పత్రిక మడిచి నా చేతికిచ్చి, "నేనెప్పుడు ఏడ్చానమ్మా?" అన్నాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ మాటకి ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. అప్పట్లో అందరికీ కొసమెరుపు కావాలి, తర్వాత సందేశం కావాలన్నారు, ఇప్పుడు వర్క్‌షాపుల్లో క్యారెక్టర్ ఆర్క్ అని, పాత్ర మొదట్నుంచి చివరిదాకా ఎలా మారాలో బోర్డు మీద గీత గీసి చూపిస్తున్నారట. ఎవరికీ ఆ పాదాలు అక్కర్లేదు.

నీకు అవి దొరికాయి బాబూ, నువ్వే చూసుకోలేదు. మూడో పేజీ తియ్యి. వాళ్ళిద్దరూ గేములో యుద్ధాలు మానేసి రేవులో చేపలు పడుతూ కూర్చుంటారు, స్నేహితుడు ఎప్పుడూ ఎడంపక్కనే. ఆ తర్వాత వాడు డ్రైవర్ పనికి కువైట్ వెళ్ళిపోతాడు. పన్నెండో పేజీలో, గేములోని స్నేహితుల లిస్టులో వాడి పేరు బూడిద రంగులో ఉంటుంది, చివరిసారి వచ్చి 412 రోజులు. ఆ అంకె దగ్గర నేను చదవడం ఆపి కళ్ళజోడు తీశాను. నీ హీరో మాత్రం ఆ పేరు చూసి వెంటనే రెండు పేజీలు సిల్వానస్ గురించి ఆలోచిస్తాడు! ఎందుకు? వాణ్ణి మళ్ళీ ఆ రేవుకి తీసుకెళ్ళు. ఒక్కడే గాలం వెయ్యనీ. ఎక్కడ కూర్చుంటాడో చూడు. కుడిపక్కకి జరిగి కూర్చుంటే, ఆ ఖాళీని రాసి ఆపెయ్యి.

వాదనలో మూడు పేజీలు చాలు, మిగతావి తీసెయ్యి. పద్నాలుగో పేజీ అక్కర్లేదు. తిరగరాశాక పోస్టులో వెయ్యొద్దు. చించినాడ వంతెన దాటితే అరగంట, ఆదివారం నువ్వే పట్టుకురా, అన్నం తిని వెళ్దువుగాని.

ఇంకొకటి. ఆ కువైట్ వెళ్ళిన కుర్రాడు నిజంగా ఉన్నాడా? ఫోన్ అయినా చేస్తాడా? కథలో ఆ ముక్క ఎక్కడా లేదు, నిన్నట్నుంచి అదే ఆలోచిస్తున్నాను.