డోర్లన్నీ మూసే ఉన్నా లైన్ ట్రిప్ అవుతుంటే: గార్డ్ డోర్ సెన్సర్ల ఫిట్టింగ్

ప్రశ్న: జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ప్యాకింగ్ లైన్. నాలుగు గార్డ్ డోర్లకు (మెషిన్ తిరిగే భాగాలకు అడ్డంగా ఉండే తలుపులు) నాలుగు మాగ్నెట్ రీడ్ సెన్సర్లు (మాగ్నెట్ దగ్గరికొస్తే కాంటాక్టు మారేవి), అన్నీ సిరీస్‌లో ఒకే సేఫ్టీ రిలేకి (డోర్ తెరిస్తే మెషిన్ ఆపేది). డోర్లన్నీ మూసే ఉన్నా షిఫ్టుకు మూడు నాలుగుసార్లు ఆగుతోంది. ఆర్ఎఫ్ఐడీ సెన్సర్లకు (రేడియో ట్యాగ్‌ని చదివేవి) మార్చమంటున్నారు. మార్చితే పోతుందా? ఎట్ల బిగించాలి?

జవాబు:

మార్చండి అన్నా, మంచిదే. కానీ ట్రిప్పులు దాంతోనే పోతాయనుకోవద్దు. మూసిన డోర్ మీద ట్రిప్ వస్తోందంటే నేను ముందు డోర్‌నే అనుమానిస్తా. మెషిన్ ఆపి, డోర్ మూసి, హ్యాండిల్ వైపు పట్టుకొని కాస్త పైకి లేపండి, తర్వాత బయటికి లాగండి. సెన్సర్ లైటు గానీ రిలే ఇన్‌పుట్ లైటు గానీ మిణుకుమందంటే హింజులు అరిగి డోర్ కిందికి జారినట్టు. సెన్సర్ అంచు మీద పనిచేస్తోంది, మెషిన్ అదురుకే వదిలేస్తోంది. అదే డోర్‌కి ఎంత ఖరీదైన సెన్సర్ పెట్టినా ఏడాదికి మళ్లీ ఇదే కథ. ముందు హింజులు మార్చండి. మూసినప్పుడు డోర్ కదలకుండా పట్టే లాచ్, ఆనడానికి రబ్బరు స్టాపర్ పెట్టండి. సెన్సరే స్టాపర్ కాకూడదు. డోర్ వచ్చి గుద్దీ గుద్దీ బాడీ పగులుతుంది.

ఇక గ్యాప్. డేటాషీట్‌లో రెండు దూరాలుంటాయి. ఎస్ఏఓ అంటే ఆ దూరం లోపల కచ్చితంగా ఆన్ ఉంటుందని, ఎస్ఏఆర్ అంటే ఆ దూరం దాటితే కచ్చితంగా ఆఫ్ అవుతుందని హామీ. రెంటి మధ్యలో ఏదైనా కావచ్చు. ఎస్ఏఓ 10 మి.మీ. ఉన్న సెన్సర్‌కి మూసిన డోర్ మీద 4–5 మి.మీ. గ్యాప్ పెట్టండి. 9 దగ్గర వదిలేస్తే ఈరోజు నడుస్తుంది, రేపు ఫోన్ వస్తుంది. ఎస్ఏఆర్ కూడా మరవొద్దు: సెన్సర్ వదిలేలోపు ఏర్పడే సందులోంచి చెయ్యి ప్రమాదం దాకా పోకూడదు. అందుకే సెన్సర్‌ని హింజ్ వైపు కాకుండా హ్యాండిల్ వైపు పెట్టాలి. సెన్సర్ ఫ్రేమ్‌కి, యాక్చుయేటర్ (సెన్సర్ గుర్తుపట్టే జోడీ ముక్క) డోర్‌కి. ఫ్రేమ్ ఇనుముదైతే దూరం తగ్గిపోతుంది, కింద ప్లాస్టిక్ స్పేసర్ వేయండి. రెండు రెక్కల డోర్ మీద రెండు సెన్సర్లు పక్కపక్కన వస్తే, వాటి మధ్య ఉండాల్సిన కనీస దూరం డేటాషీట్‌లో చూసే రంధ్రాలు వేయండి. ప్లాస్టిక్ బాడీ స్క్రూలు చేతి బలం కొద్దీ బిగిస్తే చిట్లుతుంది, టార్క్ కూడా షీట్‌లోనే ఉంటుంది.

అసలు మార్చాల్సిన కారణం వేరే ఉంది. నాలుగు డోర్ల రీడ్ కాంటాక్టులు సిరీస్‌లో ఉన్నాయి కదా, ఒక్కో సెన్సర్‌కి రెండు చానెళ్లు, అంటే రిలేకి పోయే రెండు విడి దారులుంటాయి. ఒకటో డోర్‌లో ఒక చానెల్ కాంటాక్టు అతుక్కుపోయిందనుకోండి. ఆ డోర్ తెరిస్తే ఒక్క చానెలే పడుతుంది, రిలే తేడా పట్టుకొని లాక్ అవుతుంది. రీసెట్ కావట్లేదని ఆపరేటర్ రెండో డోర్ తెరిచి మూస్తాడు. రెండు చానెళ్లూ పడి లేచాయి, రిలేకి అంతా బాగున్నట్టే. లోపం లోపలే ఉండిపోయింది. ఆ డోర్‌లో రెండో చానెల్ కూడా అతుక్కుంటే డోర్ బార్లా తెరిచినా మెషిన్ తిరుగుతుంది. ఐఎస్ఓ/టీఆర్ 24119 మొత్తం ఈ ముచ్చటే ఉండేది, 2024లో దాన్ని గార్డ్ డోర్ ఇంటర్‌లాక్‌ల ప్రమాణం ఐఎస్ఓ 14119లో కలిపేశారు. ఆర్ఎఫ్ఐడీ సెన్సర్ ప్రతీదీ తన లోపాన్ని తానే చూసుకొని అవుట్‌పుట్ ఆపేస్తుంది కాబట్టి సిరీస్‌లో ఈ గొడవ రాదు.

కానీ పాత రిలే మీదనే కొత్త సెన్సర్లు వేసేముందు ఆగండి. రీడ్ సెన్సర్‌ది ఉత్త కాంటాక్టు, రిలే తన టెస్ట్ పల్స్‌ని (వైరింగ్ బాగుందో చూసుకునే చిన్న సిగ్నల్) దాంట్లోంచి పంపుతుంది. ఆర్ఎఫ్ఐడీది ఓఎస్ఎస్‌డీ, అంటే 24 వోల్టుల సెమీకండక్టర్ అవుట్‌పుట్, పల్స్ అదే పుట్టిస్తుంది. మీ రిలే ఓఎస్ఎస్‌డీ తీసుకునే రకమా చూడండి, కాకపోతే రిలే కూడా మార్చాలి. సెన్సర్ల పవర్ సప్లై వేరైతే రెండు సప్లైల 0 వోల్ట్ కలపాలి. మొదటి సెన్సర్ సేఫ్టీ ఇన్‌పుట్లు 24 వోల్టులకు, దాని అవుట్‌పుట్లు తర్వాతి సెన్సర్ ఇన్‌పుట్లకు, చివరిది రిలేకి. లైన్ నడుస్తుండగా చివరి సెన్సర్ దగ్గర వోల్టేజీ కొలవండి. చాలా సెన్సర్లకు 20.4 కింద పడితే అదో కొత్త ట్రిప్. వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) మోటార్ కేబుల్ పక్కనే ఈ వైర్లు లాగొద్దు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

రిలే తర్వాత రెండు కాంటాక్టర్లు (మోటార్ కరెంటు కట్ చేసే స్విచ్‌లు) సిరీస్‌లో ఉండాలి, వాటి ఎన్‌సీ మిర్రర్ కాంటాక్టులు (కాంటాక్టర్ నిజంగా వదిలిందని చూపే ఫీడ్‌బ్యాక్) రీసెట్ లూప్‌లోకి రావాలి. డోర్ మూయగానే మెషిన్ తిరగకూడదు. రీసెట్ బటన్ బయట, లోపలంతా కనపడే చోట పెట్టండి.

ఇంకోటి, డోర్ తెరిచాక మెషిన్ ఆగడానికి ఎంత పడుతోంది? నడక వేగం సెకనుకు 1600 మి.మీ. లెక్కన ఆగడానికి 0.4 సెకను పడితే డోర్ నుంచి ప్రమాదం కనీసం 640 మి.మీ. దూరంలో ఉండాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బ్లోయర్లు, ఊక తీసే రోలర్లు స్విచ్ ఆపాక కూడా తిరుగుతూనే ఉంటాయి. అక్కడ ఉత్త సెన్సర్ దండగ, ఆగేదాకా డోర్ తెరుచుకోనివ్వని గార్డ్ లాక్ కావాలి. నెలకోసారి కూడా తెరవని బెల్టు కవర్‌కి అదీ అక్కర్లేదు, బోల్టులు చాలు. (మిల్లులో ఎలుకలు కేబుల్ కొరుకుతాయి, కండ్యూట్‌లోంచి లాగండి.)

టెస్ట్ చేసేటప్పుడు ఒక్కో డోర్ విడిగా తెరిచి చూడండి. తర్వాత టర్మినల్ దగ్గర ఒక్కో చానెల్ వైర్ తీసి, రెండు చానెళ్లు ఒకదానికొకటి షార్ట్ చేసి, ఒక కాంటాక్టర్ ఫీడ్‌బ్యాక్ వైర్ తీసి చూడండి. దేంట్లోనైనా మెషిన్ స్టార్ట్ అయితే ఫిట్టింగ్ అవలేదన్నట్టే. ఎప్పుడో గానీ తెరవని డోర్‌కి పీఎల్ (సేఫ్టీ సర్క్యూట్‌ని ఎంత నమ్మొచ్చో చెప్పే స్థాయి, ‘ఏ’ నుంచి ‘ఈ’ దాకా, ‘ఈ’ అన్నిటికన్నా గట్టిది) ఈ అయితే నెలకోసారి, పీఎల్ డీ అయితే ఏడాదికోసారైనా తెరిచి పరీక్షించాలని ఐఎస్ఓ 14119 అంటుంది.

సెన్సర్ స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌తో ఊడనివి వాడండి. విడి యాక్చుయేటర్ ప్యానెల్ డ్రాయర్లో ఉంటే జామ్ వచ్చిన రోజే, డోర్ తెరిచినా మూసినట్టు చూపడానికి, అది సెన్సర్‌కి టేపుతో అతుక్కుంటుంది. ఒక్కో సెన్సర్ తన యాక్చుయేటర్‌నే గుర్తుపట్టే యునిక్ కోడింగ్ రకం తీసుకోండి. అయినా జామ్ తీయడానికి డోర్ తెరిచి మెల్లగా తిప్పుకునే దారి, చెయ్యి తీస్తే ఆగే జాగ్ బటన్‌తో, మీరే ఇవ్వకపోతే ఆపరేటర్ ఏదో ఒకటి వెతుక్కుంటాడు. తీసేసిన పాత మాగ్నెట్లను మాత్రం షాప్‌ఫ్లోర్ మీద వదలకండి, పక్క లైన్లో ఇంకా రీడ్ సెన్సర్లే ఉన్నాయేమో, వాటిని మోసం చేయడానికి పనికొస్తాయి.